ఈసారి నేనూ నామినేషన్ వేశాను

ఓటరు జాబితాలో నా పేరు లేదు.

రాత్రి పది గంటలప్పుడు మా పశువైద్యుల సంఘం వాట్సాప్ గ్రూపులో ఆ జాబితా పెట్టారు. ఫోన్‌లోనే తెరిచి పై నుంచి కిందికి మూడుసార్లు వెతికాను. రిటైరైపోయిన పెద్దల పేర్లున్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు బాపట్ల జిల్లాకు పోయిన అద్దంకి, చీరాల వైపు డాక్టర్ల పేర్లున్నాయి. నెల్లూరు జిల్లాలో కలిసిన కందుకూరు వాళ్ళవీ ఉన్నాయి. 56 మండలాల ప్రకాశం జిల్లా అప్పుడు 38 మండలాలకు తగ్గినా జాబితా మాత్రం పాత జిల్లాదే. కనిగిరి దాటాక ఒక మూల మండలంలో పనిచేస్తూ, పదకొండేళ్ళుగా చందా కడుతున్న నా పేరు మాత్రం అందులో లేదు. నామినేషన్లకు తొమ్మిది రోజులే టైముంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళుగా నేను ఈ సంఘంలో ఉన్నానని అసలు ఎవరైనా గమనించారా అన్న ప్రశ్న తొలిచేసింది.

పశువైద్యుల సంఘం అంటే బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. మాది ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న పశువైద్యుల సంఘం. బదిలీలు, ప్రమోషన్లు, పే స్కేళ్ళు, ఖాళీలు, వీటి మీద పోరాడుతుంది. గట్టిగానే పోరాడుతుంది, ఆ మాట ఎవరి ముందైనా చెప్తాను. మా జిల్లా కార్యదర్శిగా రెండుసార్లు చేసిన సార్ అర్ధరాత్రి ఫోన్ చేసినా ఎత్తే మనిషి. పాప చిన్నదిగా ఉన్నప్పుడు నా బదిలీ గురించి నా తరఫున వెళ్ళి మాట్లాడింది ఆయనే. అలాంటాయన మీద పోటీకి దిగాల్సి రావడానికి కారణం 2021 వానాకాలంలో మొదలైంది.

ఆ రోజు ఓపీ అయిపోయి తాళం వేస్తుంటే ఒక అవ్వ వచ్చింది. ఆమెకున్నది ఒకటే గేదె. ఎనిమిదో నెల చూడి, తెల్లవారుజామున ఈసుకుపోయింది, అంటే నెలలు నిండకుండానే దూడ పడిపోయింది. దాంతో పాటు పడాల్సిన మాయ పడలేదు. "డాక్టరమ్మా, మేత ముట్టట్లేదు, వాసనొస్తా ఉంది" అంది. పొడవు గ్లోవ్స్ పెట్టె తీసి చూస్తే ఖాళీ. ఇండెంటు పెట్టి నెల దాటింది, స్టాకు రాలేదు. కొనుక్కుందామన్నా మా మండలంలో దొరకవు. అక్కడికి వెళ్ళి చూస్తే గేదె తల వాల్చేసి ఉంది. రేపొస్తానని చెప్పి ఆ అవ్వ ముఖం చూడలేకపోయాను. భుజం దాకా సబ్బు రాసుకుని వట్టి చెయ్యే పెట్టాను.

మాయ గర్భసంచికి గుండీలు పెట్టినట్టు అతుక్కుని ఉంటుంది. ఒక్కో గుండీ వేళ్ళతో తడిమి విడదీస్తూ వస్తే కొంత ఊడింది, మిగతాది రాలేదు. బలవంతంగా లాగితే పశువుకే ప్రమాదం కాబట్టి అక్కడితో ఆపి మందులిచ్చాను. చేతికొచ్చిన మాయ మామూలుగా లేదు. తోలులా మందంగా, పసుపు తిరిగి ఉంది. చివరి నెలల్లో ఈసుకుపోయి, మాయ ఇలా ఉంటే బ్రూసెల్లా, అంటే పశువుల నుంచి మనుషులకూ అంటుకునే క్రిమి జబ్బు, అని అనుమానించాలని కాలేజీలోనే చదువుకున్నాం. ఆ అనుమానం నాకు గేదె గురించి వచ్చింది. నా చెయ్యి గురించి రాలేదు. గోరు పక్కన చిన్న చీలిక ఉందని ఆ రాత్రి ఇంట్లో నిమ్మకాయ పిండుతుంటే మండినప్పుడు తెలిసింది.

మూడు వారాల తర్వాత జ్వరం మొదలైంది. పొద్దున బాగుండేది. సాయంత్రం నాలుగయ్యేసరికి వణుకు, అర్ధరాత్రికి ఒళ్ళంతా చెమట, దుప్పటి తడిసిపోయేది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో టైఫాయిడ్ అన్నారు. రెండు కోర్సులు వాడాను. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. నడుము, మోకాళ్ళు పట్టేసి స్కూటీ స్టాండు తీయడం కూడా కష్టమైంది. మా ఆయన హైస్కూల్లో టీచరు. "ఇది నీ గేదెల జబ్బేమో చూపించుకోరాదూ" అన్నది ఆయనే. 1887లో మాల్టా దీవిలో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు ఈ క్రిమిని గుర్తించాడని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అదే నా ఒంట్లో రెండు నెలలుంటే గుర్తించడానికి ఇంకో మనిషి చెప్పాల్సి వచ్చింది.

నా రక్తం నుంచి తీసిన సీరం తిరుపతిలో ల్యాబులో పనిచేసే క్లాస్‌మేట్‌కి పంపాను. బ్రూసెల్లాకి చేసే రోజ్ బెంగాల్ పరీక్ష తేలిక. తెల్లటి పలక మీద ఒక చుక్క సీరం, పక్కనే ఒక చుక్క గులాబీ రంగు యాంటిజెన్ (చంపిన బ్రూసెల్లా క్రిములున్న ద్రవం) వేసి, కలిపి, నాలుగు నిమిషాలు అటూ ఇటూ ఊపాలి. జబ్బు లేకపోతే రంగు నీళ్ళలా సాఫీగా ఉంటుంది. ఉంటే రవ్వలా విరిగిపోతుంది. ఎన్నో గేదెలకు నా చేత్తో చేసిన పరీక్షే అది. తను వీడియో తీసి పంపింది. నిమిషం కూడా కాకముందే పలకంతా గులాబీ రవ్వ కట్టేసింది. వీడియో చివర్లో తన గొంతు వినిపించింది. "ఇది నీదేనే" అంది, అంతే.

మనుషుల డాక్టరు దగ్గర మళ్ళీ పరీక్ష చేయించి, డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ కలిపి ఆరు వారాలు వాడితే తగ్గింది. మోకాళ్ళ నొప్పి పూర్తిగా పోవడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది.

కోలుకున్నాక సంఘం మీటింగులో లేచి నిలబడి అడిగాను. మన డాక్టర్లందరికీ ఏడాదికోసారి ఈ రక్తపరీక్ష చేయించమని, గ్లోవ్స్ ఎప్పుడూ స్టాకులో ఉంచమని మనం ఎందుకు అడగకూడదు అని. వేదిక మీదున్న ఒక పెద్దాయన "మన వృత్తిలో ఇవన్నీ మామూలేనమ్మా, మనమే జాగ్రత్తగా ఉండాలి" అన్నారు. తర్వాతి అంశం బదిలీల కౌన్సెలింగ్. దాని మీద గంటన్నర చర్చ నడిచింది. రెండు నెలల తర్వాత, మీటింగులో జరిగింది రాసే మినిట్స్ పుస్తకం తిరగేస్తే నేను అడిగిన మాట అందులో లేదు.

మినిట్స్ రాసేది కార్యదర్శి. ఎజెండా తయారుచేసేదీ కార్యదర్శే. ఆ పుస్తకం మూసి బల్ల మీద పెడుతూనే నిర్ణయించుకున్నాను, వచ్చే ఎన్నికల్లో ఆ పదవికి నిలబడాలని.

ఇక జాబితా సంగతి. ఆ వచ్చిన ఆదివారం ఒంగోలు బస్సెక్కాను. రెండు గంటలకు పైనే ప్రయాణం. సంఘం ఆఫీసు అంటే మేడ మీద ఒక గది, ఒక బీరువా, ప్లాస్టిక్ కుర్చీలు. బైలాస్, అంటే సంఘం నియమావళి, కాపీ కావాలన్నాను. "ఇన్నేళ్ళలో అడిగింది మీరే మేడం" అన్నారు అక్కడున్న కోశాధికారి. ఆయన పాపం మంచి మనిషి, అరగంట వెతికి బీరువా అడుగు అర నుంచి తీసిచ్చారు. పదహారు పేజీలు. జిరాక్స్ తీయించుకుని తిరుగు బస్సులో పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివాను. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదైన సంఘం ఏదైనా తన బైలాస్ ప్రకారమే నడవాలి. మా వాటిలో ఓటరు జాబితా పెట్టిన ఏడు రోజుల్లోగా అభ్యంతరం రాసివ్వొచ్చని ఉంది. పోటీ చేసేవాళ్ళకు ఒక ప్రతిపాదకుడు, ఒక బలపరిచేవాడు కావాలని, వాళ్ళకు చందా బాకీ ఉండకూడదని ఉంది. ఇంకొకటి కూడా ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇది చదువుతున్న వాళ్ళెవరైనా తమ సంఘంలో నిలబడదామనుకుంటే ఒక్క మాట. మద్దతు కూడగట్టడానికి ముందే బైలాస్ చేతిలో పెట్టుకోండి. సగం భయం అక్కడే పోతుంది.

అభ్యంతరం రాసి, పాత చందా రసీదులు జతచేసి ఇచ్చాను. నేను యర్రగొండపాలెం వైపు నుంచి ఇక్కడికి బదిలీ అయినప్పుడు పాత మండలం నుంచి పేరు కొట్టేశారు, కొత్త మండలంలో ఎక్కించలేదు. అంతే జరిగింది. ఎవరూ కావాలని చేసింది కాదు. జిల్లా మారిపోయిన వాళ్ళ పేర్లు తీసేసి, నాలా జారిపోయిన ఇంకో నలుగురి పేర్లు కలిపి కొత్త జాబితా ఇచ్చారు. 109 మంది.

ప్రతిపాదకుడు దొరకడం అంతకన్నా కష్టమైంది. నా బ్యాచ్‌మేట్ ఒకతను వెంటనే సరేనన్నాడు. సాయంత్రానికల్లా ఫోన్ చేశాడు. "ఏమనుకోకు, మా పై ఆయన పిలిచి అడిగారు. నాకు వచ్చే ఏడాది బదిలీ ఉంది" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. పిల్లల చదువులు, ముసలి తల్లిదండ్రులు ఉన్నవాడికి బదిలీ అంటే ఏమిటో నాకు తెలుసు. కానీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు మెట్ల మీదే కూర్చుండిపోయాను. చివరికి సర్వీసులో చేరి రెండేళ్ళయిన ఒక అమ్మాయి "అక్కా, నేను సంతకం పెడతాను" అంది. తను అప్పుడు అయిదో నెల గర్భిణి. అంతకు ముందు నెలే బ్రూసెల్లా టీకాల కార్యక్రమంలో తనను ఊళ్ళ మీదికి వెళ్ళమన్నారు.

ఆ టీకా గురించి కొంచెం చెప్పాలి. ఆడ దూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో, జీవితంలో ఒక్కసారే వేస్తాం. బలహీనపరిచిన బతికున్న క్రిమితో చేసింది. దూడ ఒక్కసారి తన్నితే సిరంజి మన చేతికే గుచ్చుకుంటుంది, అప్పుడు దూడకు రావాల్సిన రక్షణ బదులు మనకు జబ్బు రావచ్చు. గర్భిణులు ఆ టీకా పట్టుకోకూడదు, ఈసుకుపోయిన పశువు దగ్గరికీ వెళ్ళకూడదు. ఆ అమ్మాయి ఈ మాట ఎవరికి చెప్పాలో తెలియక పక్క మండలం డాక్టరుని బతిమాలి పని మార్చుకుంది. తన సంతకం కింద తేదీ వేస్తుంటే చూసి నాకు ధైర్యం వచ్చింది. బలపరిచింది గిద్దలూరు వైపు ఉన్న ఒక సీనియర్ సార్.

నామినేషన్ వేసిన తర్వాతి ఆదివారం ముగ్గురు సహోద్యోగులు స్వీట్ బాక్సు పట్టుకుని ఇంటికి వచ్చారు. టీ తాగారు, పాపను పలకరించారు. ఆ తర్వాత అసలు విషయానికి వచ్చారు.

"మన సంఘంలో ఎప్పుడూ ఏకగ్రీవమే మేడం. పోటీ అంటే వర్గాలొస్తాయి. మీరు విత్‌డ్రా చేసుకోండి, మహిళా ప్రతినిధిగా మిమ్మల్ని తీసుకుంటాం. సార్ కూడా ఒప్పుకున్నారు."

"ఎజెండాలో అంశం పెట్టే అధికారం ఆ పదవికి ఉందా అండీ?" అని అడిగాను.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లోపల్నుంచి బైలాస్ జిరాక్స్ తెచ్చి చూపించాను. ఆ పదవికి కార్యవర్గంలో కూర్చునే చోటు ఉంది, అంతే. వాళ్ళలో పెద్దాయన కాసేపు ఆ పేజీ చదివి, "నిజమే, నేనూ ఎప్పుడూ చూడలేదు" అన్నారు. నేను విత్‌డ్రా చేసుకోనని మర్యాదగానే చెప్పాను. గుమ్మం దాకా వెళ్ళి సాగనంపాను. ఆ రాత్రి మాత్రం చాలా టెన్షన్ పడ్డాను. ఈ జిల్లాలో ఇంకా ఇరవై ఏళ్ళు వీళ్ళతోనే పనిచేయాలి.

ప్రచారానికి మూడు వారాలు దొరికాయి. పనిరోజుల్లో సెలవు పెట్టలేను. అప్పట్లో లంపీ చర్మవ్యాధి భయం ఇంకా పోలేదు, పొద్దునే వాకిట్లో పశువులు బారులు తీరేవి. అందుకని మధ్యాహ్నం భోజనం వేళ ఇద్దరికి, రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా నలుగురైదుగురికి ఫోన్ చేసేదాన్ని. ఓపీ రిజిస్టరు లాంటి పొడవు పుస్తకం ఒకటి కొని, 109 పేర్లు రాసుకుని, ఎవరు ఏమన్నారో పక్కన రాసేదాన్ని.

మొదటి నాలుగు ఫోన్లలో అంతా నేనే మాట్లాడాను. నా జ్వరం, నా పరీక్ష, నా డిమాండు. అవతలివాళ్ళు "అవునండీ, అవునండీ" అని పెట్టేశారు. అయిదో ఆయన నన్ను మధ్యలో ఆపి, "అమ్మా, నాకు మూడేళ్ళుగా అటెండరు లేడు. ట్రెవిస్ చట్రంలో గేదెను నేనే కట్టి, నేనే పట్టుకుని, నేనే సూది వేస్తున్నా. దాని గురించి మీరేం చేస్తారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి ముందు అడగడం, రాసుకోవడం, ఆ తర్వాతే మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. పుస్తకం నిండింది. గాలికుంటు టీకా వేశాక ఒక్కో పశువు చెవి పోగు మీది పన్నెండంకెల నంబరు యాప్‌లో ఎక్కించాలి, సిగ్నల్ లేని ఊళ్ళల్లో అది రాత్రి ఇంటికొచ్చాక చేసే పనవుతోంది. ఆడవాళ్ళకు చాలా ఆసుపత్రుల్లో బాత్రూము లేదు, ఉన్నచోట నీళ్ళు లేవు. రాత్రి ఈత కష్టమైందని ఫోనొస్తే తోడెవరు అన్నది ఇంకో ప్రశ్న. ఇవన్నీ నా ఒక్కదాని జ్వరం కన్నా పెద్దవని నేను ఒప్పుకోవాల్సి వచ్చింది. అయితే వీటన్నిటి కింద ఉన్న మాట ఒకటే. మూల మండలంలో పశువు వెనక నిలబడ్డ మనిషి సంగతి ఎజెండాలోకి రావడం లేదు.

బ్యాచ్‌లు, కాలేజీలు, కులాలు కూడా వచ్చాయి. లేవని అంటే అబద్ధమవుతుంది. తిరుపతి కాలేజీ వాళ్ళంతా ఒకవైపు, రాజేంద్రనగర్‌లో చదివిన సీనియర్లు ఒకవైపు, గన్నవరం పిల్లలు ఒకవైపు అని లెక్కలు వేసి నాకే చెప్పినవాళ్ళున్నారు. ఆ లెక్కలు నా పుస్తకంలో రాసుకోలేదు. రాసుకుంటే రేపు నేను కూడా అలాగే పనిచేస్తానని భయమేసింది.

ఒక ఆదివారం నల్లమల అంచున ఉన్న ఒక మండలానికి వెళ్ళాను. అక్కడి డాక్టరు నాకన్నా నాలుగేళ్ళు సీనియర్. నేను వెళ్ళేసరికి మేకల మంద ఒకటి వాకిట్లో ఉంది, ఆదివారమైనా ఆయన పనిలో ఉన్నారు. పని అయ్యాక డ్రమ్ములోంచి చెంబుతో నీళ్ళు ముంచుకుని, చెంబు మోచేత్తో ఒంచుకుంటూ చేతులు కడుక్కున్నారు. కుళాయి ఉంది గానీ నీళ్ళు రావట. కుర్చీలో కూర్చోబోతూ బల్ల అంచు పట్టుకుని మెల్లగా వంగారు. నేను ఆ వంగడం గుర్తుపట్టాను.

"సార్, మోకాలు ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"రెండేళ్ళయిందమ్మా. వయసు కదా."

"సాయంత్రం జ్వరం వస్తుందా?"

ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి చూసి, గొంతు తగ్గించి, "ఇంట్లో చెప్పలేదు. వేడి చేసిందని అనుకుంటున్నారు" అన్నారు. నేను ఓట్ల మాట ఎత్తలేదు. ఎక్కడ పరీక్ష చేయించుకోవాలో, సీరం ఎలా పంపాలో కాగితం మీద రాసిచ్చి వచ్చేశాను. బస్సు ఎక్కాక గుర్తొచ్చింది, నేను కార్యదర్శి పదవికి నిలబడ్డానని ఆయనకు చెప్పనే లేదు.

ఆ తర్వాత నేను ఫోన్లలో నా జబ్బు గురించి దాచకుండా చెప్పడం మొదలుపెట్టాను. చెప్పిన కొద్దీ అవతలి గొంతులు మారేవి. "మేడం, ఇది మన మధ్యే ఉండాలి" అంటూ మొదలుపెట్టినవాళ్ళున్నారు. ఊరికి తెలిస్తే రైతులు పిలవరేమోనని ఒకాయన భయం, పెళ్ళి సంబంధాలకు అడ్డమేమోనని ఒక కుర్రాడి భయం. పశువు నుంచి వచ్చిన జబ్బును ఏదో తప్పు చేసినట్టు దాచుకుంటున్నారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది అది.

బైలాస్‌లో ఇంకొకటి ఉందన్నాను కదా. సర్వసభ్య సమావేశానికి పది రోజుల ముందు ఏ సభ్యుడైనా రాతపూర్వకంగా తీర్మానం ఇవ్వొచ్చు, ఇస్తే దాన్ని చర్చకు పెట్టి తీరాలి. నన్ను బలపరిచిన గిద్దలూరు సార్ అది చూసి, "నామినేషన్‌తో పాటే తీర్మానం కూడా ఇచ్చెయ్యమ్మా. నువ్వు గెలిచినా ఓడినా అది మాత్రం అక్కడ చదవాల్సిందే" అన్నారు. ఆ ఎన్నికలో నాకు దొరికిన అత్యంత విలువైన సలహా అదే. ఒక పేజీ రాసిచ్చి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకున్నాను.

పోలింగు ఆదివారం ఒంగోలులో ఒక ఫంక్షన్ హాల్లో. రిటైరైన ఒక డిప్యూటీ డైరెక్టరు గారు ఎన్నికల అధికారి. పోటీదారులకు తలా అయిదు నిమిషాలు ఇచ్చారు. సార్ ముందు మాట్లాడారు. గత నాలుగేళ్ళలో సంఘం సాధించినవి చెప్పారు, అన్నీ నిజమే. నా వంతు వచ్చినప్పుడు నా పుస్తకం తెరిచి, పేర్లు లేకుండా, మీరు నాకు చెప్పినవి ఇవి అని ఒక్కొక్కటీ చదివాను. అటెండరు లేని ఆసుపత్రి నుంచి మొదలుపెట్టాను. చివర్లో నా జబ్బు పేరు మైకులో చెప్పాను. అప్పటిదాకా ఫోన్లలో చెప్పడమే గానీ అంతమంది ముందు చెప్పడం అదే మొదటిసారి. వెనక వరసలో మోకాలి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్న నల్లమల సార్ కనిపించారు. అయిదు నిమిషాల బెల్లు కొట్టారు, ఆపేశాను.

103 ఓట్లు పోలయ్యాయి. సార్‌కి 56, నాకు 47.

తొమ్మిది ఓట్లు. అయిదుగురు ఇటు మారితే సరిపోయేదని మనసు లెక్క వేస్తూనే ఉంది. వెళ్ళి సార్‌కి నమస్కారం పెట్టి అభినందనలు చెప్పాను. ఆయన "బాగా మాట్లాడావమ్మా" అన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగితే మంచినీళ్ళ కోసమన్నట్టు పక్కకు వెళ్ళాను. మా ఆయన బయట పాపతో ఉన్నారు. ఏమీ అడగకుండా బ్యాగు అందుకుని, "తీర్మానం ఇంకా ఉంది కదా, లోపలికెళ్ళు" అన్నారు.

భోజనాలయ్యాక సగం మంది వెళ్ళిపోయారు. కోరం మిగిలింది. కొత్త కార్యదర్శిగా సార్ నా తీర్మానాన్ని తన గొంతుతోనే చదివారు. పొడవు గ్లోవ్స్ అయిపోకముందే సరఫరా. ఏడాదికోసారి బ్రూసెల్లాకి రక్తపరీక్ష. గర్భిణులకు ఆ టీకా పని నుంచి, ఈసుకుపోయిన పశువుల కేసుల నుంచి మినహాయింపు. జబ్బొస్తే డ్యూటీలో వచ్చినదిగా గుర్తించి సెలవు. మొదటి మూడింటికీ ఎవరూ అడ్డు చెప్పలేదు. సెలవు గురించి కొంత వాదన జరిగింది, నిబంధనలు చూసి అడుగుదామన్నారు. అసలు గొడవ నేను రాసిన ఒక మాట దగ్గర వచ్చింది. "పశువైద్యులకు, సిబ్బందికి" అని రాశాను. "సిబ్బంది సంగతి వాళ్ళ సంఘాలు చూసుకుంటాయి, మనం ఎందుకు?" అని ఒకరు లేచారు.

అప్పుడు ఒక్క విషయం చెప్పాను. మా మండలంలో గ్రామ సచివాలయంలో పనిచేసే పశుసంవర్ధక సహాయకురాలు ఒకమ్మాయి దూడకు టీకా వేస్తూ బొటనవేలికి సూది గుచ్చుకుంది. రాత్రి ఎనిమిదింటికి ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది. సబ్బునీళ్ళతో బాగా కడుక్కోమని చెప్పి, మర్నాడు నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, అది ఏ టీకానో వివరించి, మూడు వారాల మందులు రాయించాను. దూడ పట్టుకునేది వాళ్ళు, సూది వేసేది వాళ్ళు, మాయ తీసి పూడ్చేది మన అటెండర్లు. క్రిమికి మన కేడర్లు తెలియవు కదా సార్ అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నన్ను ప్రతిపాదించిన గర్భిణి అమ్మాయి మొదట చెయ్యెత్తింది. సార్ లెక్కపెట్టారు. ఆ మాట కొట్టేయకుండానే తీర్మానం పాసైంది. మినిట్స్‌లో రాయడం నా కళ్ళతో చూశాకే బస్టాండుకి బయల్దేరాను.

తీర్మానం పాసవడం ఒకటి, పని జరగడం ఒకటి. లేఖ వెళ్ళడానికి నెల పట్టింది. గుర్తుచేస్తూ నేను మూడుసార్లు రాశాను. సార్ రెండుసార్లు స్వయంగా అధికారుల్ని కలిశారు, ఆ విషయంలో ఆయన మాట నిలబెట్టుకున్నారు. సెలవు విషయం ఇంకా తేలలేదు. రక్తపరీక్ష మాత్రం సంఘం తరఫున ఒక ఆదివారం పెట్టాం, సిబ్బందినీ పిలిచాం. ఫలితం ఎవరిది వాళ్ళకే మూసిన కవరులో ఇవ్వాలని నేను పట్టుబట్టాను. మొదట్లో పదిమందే వచ్చారు. కవర్ల సంగతి తెలిశాక మధ్యాహ్నానికి వరస గేటు దాకా వచ్చింది. నల్లమల సార్ అప్పటికే మందులు మొదలుపెట్టారు. భార్యను కూడా తీసుకొచ్చి ఆమెకూ పరీక్ష చేయించారు.

పోయిన నెల మా ఆసుపత్రికి గ్లోవ్స్ పెట్టె వచ్చింది. వంద పొడవు గ్లోవ్స్. అటెండరు బాబాయి పెట్టె మీది అట్ట చించి, ఒకటి తీసి నా చేతికిచ్చాడు. వేసుకుంటే వేళ్ళ చివర రెండంగుళాలు ఖాళీగా వేలాడింది. అన్నీ ఒకే సైజు, మగవాళ్ళ చేతికి సరిపోయేవి. చూడి పరీక్షలో అంతా వేలికొసల మీదే ఉంటుంది. పొరలో పొర మడత పడితే లోపల ఏముందో తెలియదు, తెలియక విసుగొచ్చి గ్లోవ్ తీసేసే రోజు వస్తుంది. ప్రస్తుతానికి దాని మీద చిన్న సర్జికల్ గ్లోవ్ తొడిగి, మోచేతి దగ్గర రబ్బరు బ్యాండు వేసుకుని నెట్టుకొస్తున్నాను.

వచ్చే సమావేశానికి తీర్మానం రాసి నిన్ననే పోస్టు చేశాను. గ్లోవ్స్ రెండు సైజుల్లో కావాలని. కింద సంతకం పెట్టి, మండలం పేరు, సభ్యత్వ సంఖ్య కూడా రాశాను.